పెదనాయన వేలు, లక్షా అరవై వేల పరుపు

సంక్రాంతికి ఊరికి పోతే గండికోటలో నాకొక ఉద్యోగం ఉంటుంది. జీతం లేదు. పెదనాయన సోడా బండి దగ్గర కూర్చుని, క్యూఆర్ కోడ్ పలక గాలికి పడిపోకుండా చూసుకోవాలి. మీలాంటి వాళ్ళు బెంగళూరు నుంచి బైకుల మీద వచ్చి, పెన్నా లోయ అంచున రీల్స్ తీసుకుని, గొంతు తడారిపోయి మా దగ్గరికే వస్తారు. "అంకుల్, ఫోన్‌పే చేస్తా, క్యాష్ లేదు" అంటారు. పెదనాయనకు ఆ మాట చానా ఇష్టం.

ఎందుకంత ఇష్టమో నాకు పోయినేడు అర్థమైంది. ఒక ముసలాయన యాభై నోటు ఇచ్చి చిల్లర కోసం నిలబడ్డాడు. పెదనాయన కుడి చెయ్యి జేబులో పెట్టబోయాడు. పోలేదు. ఉంగరం వేలు, చిటికెన వేలు లోపలికి ముడుచుకుని కొక్కెంలా జేబు అంచుకు తగులుకున్నాయి. ఎడమ చేత్తో జేబును సాగదీసి, రెండు వేళ్ళు మాత్రం లోపలికి పోనిచ్చి చిల్లర తీశాడు. అంతా చానా అలవాటైన పనిలా చేశాడు. అదే నాకు బాధనిపించింది.

"ఎన్నాళ్ళ నుంచి పెదనాయనా ఇది?"

"ఏమోరా. మూడేండ్లో, నాలుగేండ్లో. నొప్పేం లేదులే. మొగం కడుక్కునేటప్పుడే, వేలు పోయి కంట్లో పొడుచుకుంటాది."

చెయ్యి పట్టుకుని చూశాను. అరచేతిలో, ఉంగరం వేలి మొదట్లో చింతగింజంత గట్టి గడ్డ. అక్కడి నుంచి వేలి దాకా చర్మం కింద నులకతాడు పరిచినట్టు ఒక పట్టీ. నా చేత్తో ఆ వేలిని లాగితే తాడు బిగుసుకుంటోంది గానీ వేలు లేవడం లేదు. బండి పక్కనే కూర్చోడానికి వేసుకున్న కడప బండ ఉంది. "దీని మీద అరచెయ్యి ఆనించు" అన్నాను. ఆనలేదు. అరచేతికీ బండకూ మధ్య ఒక చిన్న పిల్లి దూరేంత సందు.

ఈ జబ్బు పేరు డ్యూపుట్రెన్ కాంట్రాక్చర్. పెదనాయన దీన్ని 'డూపు ట్రైను' అంటాడు, నేనూ దిద్దడం మానేశాను. అరచేతి చర్మం కింద పీచు లాంటి పలచని పొర ఒకటి ఉంటుంది. మనకు గాయమైనప్పుడు అంచుల్ని దగ్గరికి లాగి మూసే కణాలు ఉంటాయి కదా, అలాంటి కణాలే ఇక్కడ గాయం లేకుండానే పనిలోకి దిగుతాయి. కొల్లాజెన్ అనే పీచు పదార్థాన్ని పోగేసి తాడులా పేనుతాయి, లాగుతాయి. ఏళ్ళ తరబడి, కొంచెం కొంచెంగా. ఎక్కువగా ఉంగరం వేలు, చిటికెన వేలే బలి. నొప్పి పెద్దగా ఉండదు కాబట్టి ఎవరూ డాక్టరు దగ్గరికి పోరు.

ఉత్తర యూరప్ మగవాళ్ళలో ఇది చానా ఎక్కువ. వైకింగుల జబ్బు అని ముద్దుపేరు కూడా ఉంది. ప్రమాదాన్ని పెంచే బలమైన జన్యు తేడాల్లో కొన్ని నియాండర్తల్ మనుషుల నుంచి సంక్రమించాయని 2023లో ఒక అధ్యయనం తేల్చింది. మార్గరెట్ థాచర్‌కు ఉంది, రొనాల్డ్ రీగన్‌కు ఉంది. ఈ మాట చెబితే పెదనాయన ఒక వారం పాటు బండి దగ్గరికొచ్చిన వాళ్ళందరికీ చెప్పుకున్నాడు.

మరి జమ్మలమడుగు మనిషికెందుకు? మన దగ్గర తక్కువే గానీ లేకపోలేదు. షుగర్ ఉన్నవాళ్ళలో ఎక్కువ కనిపిస్తుంది, పెదనాయనకు పదేళ్ళుగా షుగర్. పొగ, మందు కూడా లెక్కలోకొస్తాయి, బీడీ ఆయన మొన్నమొన్ననే మానేశాడు. ఇంకొకటి ఉంది. సోడా బండి పెట్టకముందు ఆయన ఇరవై ఏండ్లకు పైగా బండల గనుల్లో కంప్రెసర్ డ్రిల్లు పట్టుకున్నాడు. బ్రిటన్‌లో 2019 నుంచి, అలా అదిరే చేతి పనిముట్లతో కనీసం 10 ఏళ్ళు పనిచేసిన కార్మికులకు ఈ జబ్బు వస్తే దాన్ని వృత్తివ్యాధి కింద లెక్కగడుతున్నారు. మన గనుల్లో చెయ్యి వంకరపోతే "వయసైంది లే" అంటారు.

సరే, అసలు కథ ఇక్కడి నుంచి.

నేను ఇంటర్నెట్‌లో చదువుకుంటూ ఉండగానే పెదనాయన తన వైద్యం తాను మొదలుపెట్టేశాడు. జమ్మలమడుగులో ఒక మేడ మీద హాలు తీసుకుని ఎవరో శిబిరం పెట్టారు. పది రోజులు ఉచితం. అయస్కాంత తరంగాల పరుపు మీద రోజుకు ముప్పావు గంట పడుకోవాలి. మోకాళ్ళ నొప్పి, బీపీ, షుగర్, పక్షవాతం, వంకర వేళ్ళు, అన్నిటికీ అదే పరుపు. పదకొండో రోజు నుంచి ఉచితం ఉండదు, పరుపు కొనుక్కోవాలి. ఖరీదు లక్షా అరవై వేలు. శనగలు అమ్మిన డబ్బు అప్పుడే చేతికొచ్చింది, పెదనాయన మనసులో లెక్క వేసేసుకున్నాడు.

నేను ఆరో రోజు పోయాను. టై కట్టుకున్న కుర్రాడు ఒక డెమో చేశాడు. చిన్న రాగితీగ చుట్టకు ఎల్ఈడీ బల్బు కట్టి పరుపు మీద పెట్టాడు. వైరు లేదు, బ్యాటరీ లేదు, బల్బు వెలిగింది. హాలంతా "ఆఁ" అంది. "ఈ శక్తే మీ ఒంట్లోకి పోతుంది" అన్నాడు.

మీ ఫోన్‌ను వైర్‌లెస్ చార్జర్ మీద పెడితే జరిగేది కూడా సరిగ్గా ఇదే. మారే అయస్కాంత క్షేత్రం దగ్గరున్న తీగలో కరెంటు పుట్టిస్తుంది. మైకేల్ ఫారడే లండన్‌లో దీన్ని కనిపెట్టింది 1831లో. తమాషా ఏమంటే, పారిస్‌లో గియోమ్ డ్యూపుట్రెన్ అనే సర్జను ఒక మద్యం వ్యాపారి ముడుచుకుపోయిన వేళ్ళను కోసి సరిచేసి, దాని మీద ఉపన్యాసం ఇచ్చిందీ 1831లోనే. ఒకే ఏడాది పుట్టిన ఈ రెండు సంగతులూ నూట తొంభై ఏళ్ళ తర్వాత జమ్మలమడుగు మేడ మీద కలుసుకున్నాయన్నమాట.

నేను మీకు ఒక నిజం చెప్పాలి. బల్బు వెలిగినప్పుడు నవ్వుకున్నాను గానీ, రాత్రి ఫోన్‌లో వెతికితే నాకే అనుమానం మొదలైంది. పీఈఎంఎఫ్ అనే ఈ వైద్యం పూర్తిగా గాలి కబురు కాదు. ఎముకను వంచితే అందులో సన్నని విద్యుత్తు పుడుతుందని 1957లో జపాన్‌లో ఫుకాడా, యసుడా చూపించారు. అమెరికాలో కొలంబియా యూనివర్సిటీ డాక్టరు ఆండ్రూ బాసెట్ అతుక్కోని ఎముకల మీద తీగచుట్టలు కట్టి ప్రయత్నించాడు. 1979లో అమెరికా ఎఫ్‌డీఏ, మామూలు పద్ధతుల్లో అతుక్కోని విరిగిన ఎముకల కోసం ఈ యంత్రాలకు అనుమతి ఇచ్చింది. మెదడు మీద బలమైన అయస్కాంత స్పందనలు ఇచ్చే ఇంకో రకం యంత్రానికి 2008లో డిప్రెషన్ కోసం అనుమతి వచ్చింది. ఆ కుర్రాడి కరపత్రంలో ఎఫ్‌డీఏ అన్న మాట పెద్ద అక్షరాల్లో ఉంది. అబద్ధం కాదు. 'ఎముక' అన్న మాట మాత్రం లేదు.

ఎముక అతుక్కోకపోవడం అంటే అక్కడ కట్టాల్సింది కట్టబడలేదని. పెదనాయన చేతిలో సమస్య దానికి తలకిందులు. అక్కర్లేని తాడు ఇప్పటికే కట్టేసి ఉంది. దాన్ని తెంపాలి, లేదా తీసెయ్యాలి. ఈ జబ్బుకు రుజువున్న వైద్యాలు కొన్నే ఉన్నాయి. సూదితో తాడును తెంపడం, ఆపరేషన్ చేసి తీసెయ్యడం, కొల్లాజెన్‌ను కరిగించే ఇంజెక్షన్ (అమెరికాలో 2010లో అనుమతి వచ్చింది), గడ్డ దశలోనే ఉన్న కొందరికి రేడియేషన్. గడ్డలోకి ఒక కీళ్ళవాతం మందును ఎక్కించి ఆక్స్‌ఫర్డ్‌లో జగ్‌దీప్ నంచాహాల్ బృందం చేసిన ప్రయోగం 2022లో బయటికొచ్చింది. అది మొదటి దశకు సంబంధించినది, ఇంకా మామూలు వైద్యం కాలేదు. ఈ వరుసలో అయస్కాంతం పరుపు లేదు.

"మరి వాళ్ళెవరికో తగ్గిందంట గదా?" అన్నాడు పెదనాయన. న్యాయమైన ప్రశ్నే. ఈ జబ్బు గుణం ఏంటంటే, చానామందిలో గడ్డ దగ్గరే ఏళ్ళ తరబడి ఆగిపోతుంది. కొందరిలో దానంతట అదే మెత్తబడుతుంది కూడా. ఆ సమయంలో పరుపు మీద పడుకున్నోడికి పరుపు వల్ల తగ్గినట్టు, ఆముదం రాసుకున్నోడికి ఆముదం వల్ల తగ్గినట్టు ఉంటుంది. తగ్గనోడు వీడియో పెట్టడు. మీ ఫీడ్‌లోకి వచ్చేది తగ్గినోడే.

ఎనిమిదో రోజు జరిగింది నేను మర్చిపోలేను. మధ్యాహ్నం, పన్నెండు పరుపుల మీద పన్నెండు మంది. ఉన్నట్టుండి కరెంటు పోయింది. ఫ్యాన్లు ఆగాయి. డబ్బాల మీది పచ్చ లైట్లు ఆరాయి. జనరేటర్ వేసే పిల్లోడు టిఫినుకు పోయినట్టున్నాడు. ఒక పెద్దాయన కళ్ళు మూసుకునే ఉన్నాడు. "ఎట్లుంది తాతా?" అని అడిగాను. "కాళ్ళలోకి చీమలు పాకినట్టు జివ్వుమంటాంది నాయనా, బాగుండాది" అన్నాడు. పక్క పరుపు మీదున్న మా పెదనాయన కళ్ళు తెరిచి ఫ్యాను చూశాడు, పచ్చ లైటు చూశాడు, నన్ను చూశాడు. ఏమీ అనలేదు.

ఇది కొత్త సంగతేం కాదు. 1784లో ఫ్రాన్స్ రాజు పదహారో లూయీ ఒక కమిటీ వేశాడు. మెస్మర్ అనే ఆయన 'జంతు అయస్కాంత శక్తి'తో రోగాలు నయం చేస్తున్నానంటే అదేదో తేల్చమన్నాడు. కమిటీలో బెంజమిన్ ఫ్రాంక్లిన్ ఉన్నాడు, రసాయన శాస్త్రజ్ఞుడు లవోజియే ఉన్నాడు. వాళ్ళు మనుషుల కళ్ళకు గంతలు కట్టి చూశారు. శక్తి ప్రయోగిస్తున్నామని అబద్ధం చెబితే ఒళ్ళు జలదరించింది, చెప్పకుండా నిజంగా ప్రయోగిస్తే ఏమీ కాలేదు. వాళ్ళు గంతలు కట్టాల్సొచ్చింది. మనకు ఆ పని కరెంటోళ్ళు చేసిపెట్టారు.

డబ్బు పోవడం ఒక్కటే అయితే నేను ఇంత రాయను. అక్కడ నింపించుకున్న ఫారం చూశాను. పేరు, ఫోన్ నంబరు, 'మీతో ఎంతమందిని తెస్తారు' అన్న గడి ఉన్నాయి. గుండెకు పేస్‌మేకర్ ఉందా అన్న ప్రశ్న లేదు. ఈ రకం యంత్రం దగ్గర మొట్టమొదట అడగాల్సింది అది. ఇంకా ఘోరం ఏంటంటే, రక్తం శుద్ధి అవుతుంటే మాత్రల అవసరం ఉండదని ఎవరో చెప్పారట, పెదనాయన ఆరు రోజుల నుంచి షుగర్ మాత్రలు ఆపేశాడు. ఇంటికొచ్చి గ్లూకోమీటర్‌తో చూస్తే 340. పెద్దమ్మ ఆయన్ను తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను.

ఆ హాల్లోనే ఇంకొకామె ఉంది. మైలవరం వైపు మనిషి, యాభై ఏళ్ళుంటాయి, కోడల్ని తోడు తెచ్చుకుంది. ఆమెవీ ఉంగరం వేలు, చిటికెన వేలే వంకర. ముందు నేనూ పెదనాయనది లాంటిదే అనుకున్నాను. పడుకున్న వాళ్ళకు స్టీలు గ్లాసుల్లో టీ ఇస్తారు, పొగలు కక్కుతూ. నేను గ్లాసును కండువా అంచుతో పట్టుకున్నాను. ఆమె అరచెయ్యి మొత్తం గ్లాసు చుట్టూ వేసి తీరిగ్గా ఊదుకుంటూ తాగుతోంది. చిటికెన వేలి పక్కన పాత బొబ్బల మచ్చలు రెండు మూడు.

ఇక్కడ తేడా తెలుసుకోవాలి. డ్యూపుట్రెన్‌లో అరచేతిలో తాడు చేతికి తగులుతుంది, రెండో చేత్తో లాగినా వేలు రాదు, స్పర్శ మాత్రం బాగానే ఉంటుంది. వేలు కదిలేటప్పుడు టక్కుమని పట్టేసి విడుస్తుంటే అది ట్రిగ్గర్ ఫింగర్. షుగర్ వల్ల కీళ్ళు బిగుసుకుపోతే నమస్కారం పెట్టినా రెండు అరచేతులూ పూర్తిగా కలవవు. తాడు లేకుండా ఆ రెండు వేళ్ళే ముడుచుకుని, చిటికెన వేలి వైపు తిమ్మిరిగా, కాలినా తెలియకుండా ఉంటే మోచేతి దగ్గర పోయే అల్నార్ నరం దెబ్బతిన్నదని అర్థం. మన దేశంలో దానికి చెప్పుకోదగ్గ కారణాల్లో ఒకటి కుష్టు.

2005 డిసెంబరు నాటికి దేశం మొత్తం మీద 10,000 మందికి ఒక కేసు కంటే తక్కువ అన్న గీతను అందుకున్నామని ప్రకటించారు. మంచిదే. దాంతో అందరూ ఆ జబ్బు పోయిందనుకున్నారు. పోలేదు. ప్రభుత్వాసుపత్రిలో మాత్రలు ఉచితం, ఆరు నెలల నుంచి ఏడాది వాడాలి. నరం దెబ్బతిన్న కొత్తలో పట్టుకుంటే చెయ్యి దక్కే అవకాశం ఉంది. ఆలస్యమయ్యే కొద్దీ ఆ అవకాశం తగ్గిపోతుంది. అందుకే పరుపు మీద గడిచే ఒక్కో రోజూ ఆమెకు నష్టమే.

నేను చేసిన పని చెప్పడానికి సిగ్గుగా ఉంది. తెలిసిందన్న ఉత్సాహంలో, కోడలి ముందర, పక్కనున్న నలుగురు వింటుండగా, "కుష్టు పరీక్ష చేయించుకో అమ్మా" అన్నాను. ఆమె గ్లాసు కింద పెట్టింది. నా మొహం కూడా చూడకుండా లేచి చెప్పులేసుకుని వెళ్ళిపోయింది. కోడలు వెనక్కి తిరిగి చూసిన చూపు ఇంకా గుర్తుంది.

బయటికొచ్చాక పెదనాయన అన్నాడు: "ఆ మాట నలుగుర్లో అంటారా అబ్బోడా? బీటెక్ చదివితే చాల్లే."

పరుపు కొనలేదు. ఎముకల డాక్టరు చూసి రాయవేలూరు పొమ్మన్నాడు. మా వైపు పెద్దోళ్ళు వెల్లూరును ఇప్పటికీ రాయవేలూరే అంటారు. కడపలో రైలెక్కితే కాట్పాడి, అక్కడి నుంచి ఆటో. సీఎంసీలో చేతుల విభాగానికి పాల్ బ్రాండ్ పేరు పెట్టారు. కొల్లి కొండల్లో పుట్టిన ఇంగ్లీషు డాక్టరాయన. 1947లో చెంగల్పట్టు కుష్టు ఆశ్రమానికి పోయినప్పుడు ఒక రోగి చేతిలో తన చెయ్యి పెట్టి పిండమంటే, ఆ వంకర వేళ్ళు పట్టిన పట్టుకు నొప్పితో అదిరిపోయాడు. అంటే కండరాలన్నీ చావలేదు, కొన్ని బలంగానే ఉన్నాయి, వాటి స్నాయువుల్ని వేరేచోటికి మార్చి కుడితే వేళ్ళు మళ్ళీ తెరుచుకుంటాయని ఆయనకు తట్టింది. కుష్టు చేతులకు అలాంటి ఆపరేషన్లు మొదలైంది వెల్లూరులోనే. ఈ కథ నేను వెయిటింగ్ హాల్లో పెదనాయనకు చదివి వినిపించాను. "అంటే ఆమెకు గూడా ఈడ దారి ఉన్నట్టే గదా" అన్నాడు. ఆయన మనసు ఆమె మీదే ఉంది.

డాక్టరు పెద్ద పరికరాలేం వాడలేదు. చెయ్యి బల్ల మీద ఆనించమన్నాడు, మేం కడప బండ మీద చేసిందే. తర్వాత కోణాలు కొలిచాడు. వేలి మొదటి కీలు 30 డిగ్రీలు దాటి వంగితే వైద్యం ఆలోచిస్తారట. మధ్య కీలు వంగడం మొదలైతే మాత్రం ఆగకూడదు, ఎక్కువ కాలం వంగి ఉంటే కీలే బిగుసుకుపోయి తాడు తెంపినా తెరుచుకోదు. పెదనాయన ఉంగరం వేలికి మొదటి కీలు, చిటికెన వేలికి మధ్య కీలు. "ముందే వచ్చుంటే" అని డాక్టరు అనబోయి ఆపేశాడు.

షుగర్ అదుపులోకి వచ్చాక సూది వైద్యం చేశారు. అరచేతికి మత్తిచ్చి, సూది మొనతో తాడును రెండు మూడు చోట్ల కొద్దికొద్దిగా తెంపి, వేలిని మెల్లగా లాగారు. టప్ మని చిన్న చప్పుడు వినిపించిందని పెదనాయన ఇప్పటికీ చెబుతాడు. అదే రోజు పంపించేశారు. ఆపరేషన్ కంటే తేలిక, కానీ తాడు మళ్ళీ పేనుకునే అవకాశం కూడా దీనికే ఎక్కువ. డాక్టరు దాచకుండా ముందే చెప్పాడు. రాత్రిపూట వేళ్ళకు పట్టీ కట్టుకోమన్నాడు. పెదనాయన రెండు రోజులు కడతాడు, మూడో రోజు మర్చిపోతాడు.

ఉంగరం వేలు దాదాపు తెరుచుకుంది. చిటికెన వేలు సగమే. జేబులోకి చెయ్యి పోతోంది, అయినా ఫోన్‌పే అంటేనే ఇప్పటికీ సంతోషం.

ఊరికి తిరిగొచ్చిన వారానికి ఆయన పెద్దమ్మను తీసుకుని ఆ మైలవరం ఆమె ఇంటికి పోయాడు. నన్ను రావద్దన్నాడు. ఏం చెప్పాడో నాకు పెద్దమ్మే చెప్పింది. కుష్టు అన్న మాటే ఎత్తలేదట. చెయ్యి చాపి చూపించి, "నాకు పరుపుతో కాలేదమ్మా, డాక్టరు సూదితో అయింది. నీ వేళ్ళకు స్పర్శ ఉండాదో లేదో ఒకసారి పీహెచ్‌సీలో చూపించు, డబ్బు అడగరు" అన్నాడట. ఆమె అప్పుడేం మాట్లాడలేదు. నెల తర్వాత ఆశా కార్యకర్తతో కలిసి పోయింది. మాత్రలు మొదలుపెట్టారు.

ఈ సంక్రాంతికి ఆమె మనవళ్ళను తీసుకుని గండికోట చూపించడానికి వచ్చింది. మా బండి దగ్గర ఆగింది. నేను పలక పట్టుకుని తల వంచుకునే ఉన్నాను. పెదనాయన నిమ్మ సోడా కలిపి ఇస్తూ, "చల్లగా ఉండాదా?" అని అడిగాడు. ఆమె గ్లాసును కుడిచేతి నుంచి ఎడమచేతికి మార్చుకుని, ఒక క్షణం ఆగి, "ఈ చేతికైతే తెలుస్తాంది" అంది.